నేను దిద్దిన ఆఖరి అంకె

నాకు ముక్కు మీద కోపమని నాతో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. లెక్కలు బాగా వచ్చునని కూడా తెలుసు. కోపం వల్ల నేను పాడుచేసిన పనులు పెద్దగా లేవు, మహా అయితే ముగ్గురో నలుగురో నాతో మాట్లాడటం మానేశారు. లెక్కలు వచ్చినందువల్ల మాత్రం ఒక ఇంటికి అన్యాయం చేశాను. బ్యాంకు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఏలూరులో మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మర్చిపోలేని సంగతొకటి చెప్పండి మేడం" అంటుంటారు. వాళ్ళకి ఇన్నాళ్ళూ నవ్వించే సంగతులే చెబుతూ వచ్చాను. ఇది చెప్పడానికి నోరు రాలేదు, అందుకని రాస్తున్నాను.

మా బ్యాంకులో ఖాతా నంబరు చివర ఉండే అంకె మిగతావాటిలాంటిది కాదు. ముందున్న అంకెలను వరసగా ఒక్కో సంఖ్యతో హెచ్చవేసి, కూడి, ఆ మొత్తాన్ని భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి ఆ చివరి అంకె పుడుతుంది. చెక్ డిజిట్ అంటారు. నంబరు రాసేటప్పుడు ఎవరైనా ఒక అంకె తప్పు రాస్తే చివరి అంకెతో లెక్క కుదరదు. కంప్యూటరు వెంటనే చెల్లని నంబరని తిప్పికొడుతుంది. తప్పు ఎక్కడుందో దానికి తెలియదు. ఎక్కడో ఒకచోట ఉందని మాత్రం చెబుతుంది.

నేను తాడేపల్లిగూడెంలో పనిచేస్తున్న రోజుల్లో పెద్ద లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఆఫీసరు ఈ చెక్ డిజిట్ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే మిగతావాళ్ళు ఆవలించారు. నేను నోట్సు రాసుకున్నాను. మా నాన్నగారు లెక్కల మాస్టారు. జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్ను ఉండేది. ఇంటికొచ్చిన శుభలేఖలో తప్పున్నా దిద్దేసేవారు. ఆ గుణమే నాకూ వచ్చింది. వారం తిరిగేసరికి ఆ లెక్క కాగితం లేకుండా నోటితో చేసేదాన్ని.

దానివల్ల నాకు బ్రాంచిలో పేరొచ్చింది. పెంటపాడు నుంచి ఎవరో రైతు చీటీ మీద నంబరు రాసుకుని వస్తాడు. మిషను తీసుకోదు. కౌంటరులో వాళ్ళు "పాస్‌బుక్ తీసుకురండి" అంటే పాపం మళ్ళీ బస్సెక్కి వెళ్ళి రావాలి. "ఆ మేడం గారి దగ్గరికి వెళ్ళండి" అని నా బల్ల చూపించేవాళ్ళు. నేను చీటీ చూసి, నాలుగు క్షణాలు పెదవులు కదిపి, చివరి అంకె ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేదాన్ని. మిషను తీసుకునేది. ఎక్కువసార్లు నిజంగానే తప్పు చివరి అంకెలోనే ఉండేది. పాస్‌బుక్ పట్టుకున్నప్పుడు బొటనవేలు సరిగ్గా అక్కడే పడుతుంది, చెమటకి ఆ అంకె చెరిగిపోతుంది. పది సార్లు నా లెక్క నిజమైంది. పదకొండోసారి కూడా నిజమే అవుతుందని నమ్మాను. అక్కడ కౌంటరులో తెరమీద పేరు కనబడేది కాబట్టి నేను తప్పినా దొరికిపోయేది. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

రిటైర్‌మెంటుకి ఏడాదిన్నర ఉందనగా నన్ను కలిదిండి వైపు ఒక చిన్న బ్రాంచికి వేశారు. రోజూ ఏలూరు నుంచి వెళ్ళి రావడం. బస్సులో విసుక్కోని రోజు లేదు. దారి పొడుగునా చెరువులు, చెరువుల్లో నీళ్ళు చిలుకుతూ తిరిగే ఏరేటర్లు, కిటికీలోంచి చేపల మేత వాసన. మేనేజరు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, నెమ్మదస్తుడు. కౌంటరులో ఉండే గుమాస్తా మంచివాడే గానీ నోట్లో మాట దాగదు. ఊళ్ళోవాళ్ళకి వాళ్ళ బ్యాలెన్సు బస్టాండులో చెప్పే రకం.

మా బ్రాంచి కింద ఒక లంక గ్రామం ఉంది. డెబ్భై గడపలుంటాయేమో. ఊరికొక ఉమ్మడి చెరువు. ఏటా చేపల పట్టుబడి అయ్యాక వచ్చిన సొమ్ము ఇంటికింత అని వాటా వేసుకుంటారు. కాటా వేసే షెడ్డు కింద అందరూ చేరితే, జాబితా ఉన్న పెద్దాయన నిలబడి ఒక్కో ఇంటి పేరు పైకి చదువుతాడు. ఆ ఇంటివాళ్ళు వచ్చి వాటా అందుకుంటారు. వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. మగదిక్కు లేని ఇళ్ళ పేర్లు ముందు చదువుతారు. అవి అయ్యాకే మిగతావి. ఆ జాబితా చదివే మనిషంటే ఊరికి అంత గురి. ఆ పెద్దాయన ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాడు. ఆయన గొంతు నేనూ ఒకసారి విన్నాను. మైకు అక్కర్లేదు.

ఆ ఏడు మా పైవాళ్ళు కొత్త ఖాతాలు తెరిపించమని మా ప్రాణం తీస్తున్నారు. నేను ఆ ఊరు వెళ్ళి, వాటా డబ్బు చేతికి కాకుండా ఖాతాల్లో వేసుకోండని చెప్పాను. షెడ్డు కింద బల్లేసుకుని కూర్చుని ఒకే రోజు ఊరందరికీ ఖాతాలు తెరిచాను. లైన్లో నిలబడ్డ వరసనే నంబర్లు వచ్చాయి. ఊళ్ళో చదువుకున్న ఒకాయన అడిగాడు.

"నంబరొకటి తప్పు పడితే మా డబ్బులు ఎవరికో వెళ్ళిపోతాయి కదాండీ?"

నేను నవ్వాను. "తప్పు నంబరైతే మిషను తీసుకోదండీ. చచ్చినా తీసుకోదు. దాని లోపల లెక్క అలాంటిది."

పెద్దాయన తల ఊపాడు. "మేడం గారు అంత గట్టిగా చెబుతున్నారు. ఇంకేంటర్రా మీ అనుమానం?" అని ఊరిని ఒప్పించాడు. ఆ మాట నేను మర్చిపోయాను. ఊరు మర్చిపోలేదు.

పట్టుబడి అయింది. పెద్దాయన జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రూళ్ళ కాగితాల మీద బాల్‌పెన్నుతో, ముత్యాల్లాంటి రాత. పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. "ఇది పాస్‌బుక్కులు చూసి చదివిందండి, నేను రాశానండి. రెండు రాత్రులు పట్టిందండి" అన్నాడు గర్వంగా. ఆవిడ కొంగు చాటున నవ్వుకుంది. ఏడో తరగతి దాకా చదివానని చెప్పింది. ఇద్దరినీ చూస్తే ముచ్చటేసింది.

జాబితా మొత్తం ఒకే ఫైలుగా కంప్యూటరుకి ఎక్కించాలి. ఆ పద్ధతిలో మిషను పేరు చూడదు, నంబరు మాత్రమే చూస్తుంది. ఎక్కించాం. మొదటి నంబరే తిప్పికొట్టింది. అది ఒంటరి ఆడమనిషిది, వలలు అల్లుకుని బతుకుతుంది. ఆనవాయితీ ప్రకారం ఆవిడ పేరే జాబితాలో మొదటిది.

"మేడం, మొదటిదే తీసుకోలేదండీ. ఫోను చేసి పాస్‌బుక్ తెమ్మందామా?" అన్నాడు గుమాస్తా.

"ఉండవయ్యా, అక్కర్లేదు" అన్నాను. ఏలూరు బస్సుకి వేళవుతోంది. అలవాటుగా పెదవులు కదిపాను, ఎర్ర పెన్ను తీశాను, చివరి అంకె దిద్దాను. మిషను తీసుకుంది. గుమాస్తా "మీరు మామూలోరు కాదండీ" అన్నాడు. నేను బస్సు అందుకున్నాను. ఆ నంబరు కొట్టి పేరెవరిదో చూసి ఉంటే అరనిమిషం పట్టేది.

పదిహేను రోజుల తరువాత ఆ వలలు అల్లే ఆవిడ వచ్చింది. ఆ రోజు నేను సెలవు. గుమాస్తా కంప్యూటరులో వెతికి, లైన్లో అందరూ వింటుండగా చెప్పేశాడు. "మీ డబ్బులు వేసేశామండీ. అదిగో, మీ పెద్దాయన గారి భార్య ఖాతాలో పడ్డాయి."

మర్నాడు నేను వచ్చేసరికి ఊరంతా అట్టుడికినట్టు ఉడికిపోతోంది. చదువుకున్నాయన ఆ రెండు నంబర్లూ పక్కపక్కన రాసి షెడ్డు కింద అందరికీ చూపించాడట. "ఒక అంకె తప్పితే చెయ్యి జారిందనుకుంటాం. ఇక్కడ రెండు అంకెలు మారాయి. మారి మారి సరిగ్గా ఆయన భార్య నంబరే అయింది. తప్పు నంబరైతే మిషను తీసుకోదని మేడం గారే చెప్పారు. తీసుకుందంటే ఏంటర్థం?" అన్నాడట. అందులోనూ మొదటి పేరు, దిక్కులేని ఇంటి వాటా. ఇవన్నీ గుమాస్తా నాకు టీ తాగుతూ చెప్పాడు. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

బీరువాలోంచి జాబితా తీశాను. మొదటి వరస, చివరి అంకె మీద నా ఎర్ర గీత. వలలు అల్లే ఆవిడ పాస్‌బుక్ జిరాక్సు గుమాస్తా తీసి ఉంచాడు. తడిసి ఎండిన పుస్తకం. చివరి నుంచి రెండో అంకె ఎనిమిది. దాని ఎడమ పక్క సిరా పోయి, ఎవరు చూసినా మూడనే చదువుతారు. మూడని చదివింది పెద్దాయన భార్య, మూడని రాశాడు ఆయన. చివరి అంకె మాత్రం సరిగ్గానే రాశాడు. అందుకే మిషను లెక్క కుదరలేదని చెప్పింది. ఆ రక్షణ ఒక్కటీ నేను తీసి పారేశాను. ఎనిమిదికి బదులు మూడుంటే వచ్చే నంబరు ఎవరిదో చూశాను. ఖాతాలు తెరిచిన రోజు లైన్లో ఆవిడకంటే ఐదుగురు ముందు నిలబడ్డ మనిషిది. పెద్దాయన భార్యది. అంతే సంగతి. మారిన రెండు అంకెల్లో రెండోది, ఆ చివరి అంకె, మార్చింది నేను.

మేనేజరుకి చెప్పాను. అతను తలుపు వేసి, చాలాసేపు కాగితం చూశాడు.

"డబ్బు ఆవిడ ఖాతాలోకి ఇవాళే మార్చేద్దాం మేడం. మీకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. మీరు దిద్దినట్టు ఎక్కడా రాతపూర్వకంగా వద్దు. ఎంక్వయిరీ అంటే మీ పెన్షను కాగితాలు ఆగిపోతాయి. సాంకేతిక కారణమని ఉత్తరమిచ్చేద్దాం."

నా మంచి కోరే చెప్పాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందరి మీదో అంతెత్తున లేచే నా కోపం ఆ పూట ఎక్కడికి పోయిందో తెలియదు.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"డబ్బులు మార్చేశారని చెప్పారండి. సంతోషమండి. మేడం గారూ, మీరొక్కసారి మా ఊరు వచ్చి, పొరపాటు ఎక్కడ జరిగిందో షెడ్డు కింద చెప్పాలండి. ఆటో నేను పంపిస్తానండి."

"ఉత్తరం ఇస్తున్నాం కదండీ. అది చూపించండి. కంప్యూటరు పొరపాటు" అన్నాను.

"కంప్యూటరు పొరపాటు చెయ్యదని మీరే కదాండీ చెప్పారు?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆయనే మళ్ళీ, "పోనీ నేను రాసిచ్చిన జాబితా ఒక్కసారి చూపించండి. నా రాత నేను చూసుకుంటానండి. అందులో ఏ అంకె వేశానో తెలిస్తే చాలండి" అన్నాడు.

జాబితా నా సొరుగులో ఉంది. నా మోచెయ్యి దాని మీదే ఉంది. "బ్యాంకు కాగితాలు బయటికి చూపించకూడదండీ. రూల్సు" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే ఒక చెప్పు జారింది, వంగి సరిచేసుకున్నాడు. అది ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

తరువాత గొడవేమీ జరగలేదు. అదే నన్ను మభ్యపెట్టింది. ఆయన తనంతట తనే జాబితా వేరేవాళ్ళకి అప్పగించాడని గుమాస్తా చెప్పాడు. "పోనీలెండి మేడం, వయసైంది కదా" అన్నాడు. నేనూ పోనీలే అనుకున్నాను. రిటైరయ్యాను. శాలువా కప్పారు, వెండి పళ్ళెం ఇచ్చారు. మేనేజరు మాట్లాడుతూ "మేడం గారి చేతిలో తప్పు అనేది ఉండదు" అన్నాడు. అతను నా కళ్ళలోకి చూడలేదు, నేనూ అతని కళ్ళలోకి చూడలేదు.

ఇంట్లో కూర్చున్నాక మొదలైంది నాకు శిక్ష. ఎవరింటి ఫోను నంబరు విన్నా మనసులో చివరి అంకె లెక్క కడుతూ కూర్చునేదాన్ని. పెన్షను నెలనెలా పడుతోంది. పడ్డ ప్రతిసారీ ఆయన వంగి చెప్పు సరిచేసుకోవడం గుర్తొచ్చేది. రెండేళ్ళకు పైగా ఇలా ఓర్చుకుని, మొన్న చలికాలంలో ఒక పొద్దున బస్సెక్కాను.

వెళ్ళేసరికి షెడ్డు కింద కాటా వేస్తున్నారు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశారు. పెద్దాయన ఇంట్లో ఉన్నాడంటే పిలిపించాను. భార్య కూడా వెనకాలే వచ్చింది. ఇద్దరూ దూరం దూరంగా నిలబడ్డారు. అప్పుడది నేను పట్టించుకోలేదు. నిలబడి, అందరికీ వినబడేలా మొత్తం చెప్పాను. పాస్‌బుక్కులో చెరిగిపోయిన ఎనిమిది గురించి చెప్పాను, మిషను తిప్పికొట్టడం చెప్పాను. నా ఎర్ర పెన్ను గురించి, సొరుగులో దాచిన జాబితా గురించి చెప్పాను. "ఈ పెద్దాయనకి ఏ పాపమూ తెలియదు. తప్పు నాది. క్షమించండి" అన్నాను.

చదువుకున్నాయన తల దించుకున్నాడు. ఇంకెవరో, "అయ్యో, ఎప్పటి మాటండీ మేడం గారూ! మేం ఎప్పుడో మర్చిపోయామండి" అన్నారు. నిజంగానే మర్చిపోయినట్టున్నారు. కొబ్బరిబొండం కొట్టి చేతిలో పెట్టారు. కాటా దగ్గర మళ్ళీ పని మొదలైంది.

పెద్దాయన నా మీద కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను. ఆయన నన్ను చూడనే లేదు. భార్య వైపు తిరిగి, నన్ను అడిగాడు.

"అయితే ఇది చదివింది ఉన్నది ఉన్నట్టే చదివిందాండీ?"

"ఎవరు చదివినా మూడేనండీ. ఆవిడ తప్పేం లేదు" అన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. "అదేంటి మావా? నేను కావాలని చదివాననుకున్నావా?"

ఆయన చూపు చెరువు మీదికి తిప్పుకున్నాడు.

"నేను నువ్వు రాశావనుకున్నాను" అంది ఆవిడ. చాలా మెల్లగా అంది. "నేను చదివింది ఒకటి, నువ్వు రాసుకుంది ఒకటి అనుకున్నాను. అడిగితే నీ తల తీసినట్టవుద్దని అడగలేదు."

"నీ పేరు బయటికి రాకూడదని జాబితా ఇచ్చేశాను నేను" అన్నాడు ఆయన.

నేను బొండం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఊరి దగ్గర ఆయన పరువు పోయిందని, అది తిరిగి ఇద్దామని వచ్చాను. ఊళ్ళో ఎవరికీ అది గుర్తు లేదు. నేను పోగొట్టింది ఆ ఇంట్లో ఉంది. మూడేళ్ళు ఒకే గదిలో పడుకుని, ఒకరి దొంగతనాన్ని ఒకరు కడుపులో దాచుకుని బతికారు. ఆయన నెమ్మదిగా గట్టు మీదికి వెళ్ళి, మా అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. జాబితా మళ్ళీ తీసుకోమని ఎవరో అడిగితే, చెయ్యి అడ్డంగా ఊపాడు.

మీలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఒకటే చెబుతాను. మిషను నంబరు వద్దంటే, మీకెంత తెలివున్నా దాన్ని ఒప్పించకండి. ఆ మనిషిని పిలిపించండి, పుస్తకం తెప్పించండి, బస్సు పోతే పోనివ్వండి. ఒకవేళ తప్పు చేస్తే, ఆ రోజే వెళ్ళి చెప్పండి. మూడేళ్ళు పోయాక చెబితే ఏమవుతుందో నేను చూశాను.

రోడ్డు దాకా పెద్దాయన భార్య నాతో నడిచింది. వద్దంటే వినలేదు. ఆటో కోసం నిలబడ్డాం. ఏదో ఒకటి అంటుందని, తిడుతుందని, నేను చెవులు అప్పగించి ఉన్నాను.

"అప్పుడు మీరిచ్చిన ఉత్తరం నేనూ చదివానండి" అంది. "సాంకేతిక కారణమని ఉంది. కంప్యూటరు తప్పు చెయ్యదని మీరే చెప్పారు కదా. ఈయన చేసిన పని మీకు తెలిసిపోయిందని, తెలిసి కూడా మా పరువు కాపాడ్డానికి అలా రాశారనుకున్నానండి."

ఆటో దగ్గరికొచ్చింది. ఆవిడ నా సంచి లోపల పెట్టింది.

"మూడేళ్ళు, దీపం పెట్టినప్పుడల్లా, మీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నానండి" అంది.